నిలువెత్తు బొమ్మ - డెబ్బై ఏళ్ళ నడుము

(నందిగామలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే బీరువాలు, రికార్డు కట్టలు, బ్యాలట్ పెట్టెలు ఒక గది నుంచి ఇంకో గదికి మార్పించడంలోనే నా సర్వీసులో మంచి భాగం గడిచింది. అందువల్ల బరువుల సంగతి కొంత తెలుసు. ఆ తరువాత చదివీ, డాక్టర్లను అడిగీ తెలుసుకున్నది కొంత. ఈ రెండూ కలిపి ఈ రోజు ఒక చిన్న విషయం మనవి చేస్తాను. మనిషంత బొమ్మను కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవారు దానిని ఎలా ఎత్తాలి, ఎలా జరపాలి అన్నదే ఆ విషయం.

ఇది నవ్వులాటకు ఎంచుకున్న విషయం కాదు. మన పల్లెల్లో గతించిన తల్లిదండ్రుల విగ్రహాలు చేయించి పొలం గట్టునో, ఇంటి ముందో ప్రతిష్ఠించడం చాలాకాలంగా ఉన్నదే. బడుల్లో పూర్వ విద్యార్థులు తమ మాస్టార్ల విగ్రహాలు పెట్టిస్తున్నారు. వినాయక చవితికి వీధి వీధికీ మనిషెత్తు విగ్రహం వస్తుంది. బట్టల దుకాణం పెట్టిన మనవడు చీర కట్టే బొమ్మలు తెచ్చుకుంటాడు. ఇప్పుడు మనిషి చర్మంలా మెత్తగా ఉండే సిలికాన్ బొమ్మలూ వచ్చాయి. 2020లో మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో ఒక గృహస్థు, గతించిన భార్య రూపాన్ని అలా చేయించి గృహప్రవేశం నాడు కూర్చోబెట్టిన వార్త పత్రికల్లో చదివాం. బొమ్మ ఏదైనా, లారీ వచ్చి గుమ్మం ముందు ఆగినప్పుడు ఇంట్లో ఉండేది ఎవరు? పిల్లలు ఉద్యోగాలకు పోతారు. ఉండేది మనమే. "ఏముందిలే, ఒక పట్టు పడదాం" అని ముందుకు వచ్చేదీ మనమే. ప్రమాదం అక్కడే ఉంది.

ఆకారం చూసి మోసపోవద్దు

మనిషి ఆకారంలో ఉన్న దానిని చూడగానే మన చేతులు మనిషిని ఎత్తినట్టే చంకల కిందికి పోతాయి. కాని మనిషి మనకు సాయపడతాడు. మెడ చుట్టూ చెయ్యి వేస్తాడు, కాలు ఆనిస్తాడు. చంకనెక్కిన పసివాడు కూడా తన కాళ్ళతో మన నడుమును పట్టుకుంటాడు. బొమ్మ పట్టుకోదు. దాని బరువంతా మనదే.

ఆ బరువు ఎంత అన్నది ఎత్తును బట్టి ఉండదు, పదార్థాన్ని బట్టి ఉంటుంది. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట తోలుబొమ్మల్లో మనిషంత ఎత్తువి ఉన్నాయి. వాటిని ఒకే కళాకారుడు తెర వెనుక ఆడిస్తాడు. అదే ఎత్తు బొమ్మ రాతిదైతే నలుగురు కూడా చాలరు. లెక్క సులభం. మన శరీరం ఇంచుమించు నీటంత బరువు. 60 కేజీల మనిషి ఆకారాన్ని లోపల గుల్ల లేకుండా టేకుతో చేస్తే సుమారు 40 కేజీలు, సిమెంటు కాంక్రీటుతో చేస్తే 140 పైన, గ్రానైటుతో చేస్తే 160 కేజీలు తూగుతుంది. గుల్లగా చేసిన ఫైబరు బొమ్మ చాలా తేలిక. లోపల గడ్డి కట్టి పైన మట్టి మెత్తిన వినాయకుడు ఎండితే ఒక బరువు, తడిస్తే ఇంకో బరువు. సిలికాన్ నీటికంటే కొంచెమే ఎక్కువ బరువు. అయితే అటువంటి బొమ్మల్లో చాలావాటికి లోపల ఇనుప ఎముకల గూడు ఉంటుంది.

కనుక నా మొదటి మనవి, బొమ్మకు ఆర్డరు ఇచ్చేటప్పుడే బరువెంతో బిల్లు మీద రాయించుకోండి. ధర అడుగుతాం, రంగు అడుగుతాం, బరువు మాత్రం ఎవరమూ అడగం.

నడుము లెక్క

మన చిన్నతనంలో పొలాల్లో ఏతాము చూసినవారికి ఈ మాట తేలికగా అర్థమవుతుంది. మన వెన్నెముక కూడా ఒక ఏతామే. వెన్ను వెనుక ఉన్న కండరాలకు దొరికే పట్టు సుమారు 5 సెంటీమీటర్లు. మనం చేతులు చాచి బరువును 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నామంటే, కండరాలు దానికి పదింతలు లాగాలి. 10 కేజీలకు 100 కేజీల లాగుడు. ఇది వంగినప్పుడు మోయవలసిన మన ఒంటి బరువు కాకుండా. అందుకే బరువును పొట్టకు ఆనించి పట్టుకోమంటారు.

అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, అన్ని విధాలా అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒకరు ఎత్తదగిన బరువు 23 కేజీలు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య భద్రతా విభాగం స్థూలంగా ఇచ్చిన కొలతలు ఇంకా వివరంగా ఉన్నాయి. మగవారు నడుము ఎత్తులో, ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 25 కేజీలు. అదే ఎత్తులో చేతులు చాచితే 15. నేల మీది నుంచి ఎత్తాలంటే దగ్గరగా ఐతే 10, చేతులు చాచి ఐతే 5 మాత్రమే. ఆడవారికి ఇంకా తక్కువ చెప్పారు. గమనించండి, ఇవి పనిలో ఉన్న ఆరోగ్యవంతుల లెక్కలు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను కూడా, గాయం కలిగించేంత బరువును ఏ పనివాడి చేతా ఎత్తించరాదని చెప్పేది. కూలికి వచ్చినవానికే అంత రక్షణ ఉండగా, పింఛను తీసుకునేవాడు తన నడుముకు తాను ఇచ్చుకోవలసిన రక్షణ ఎంత ఉండాలి?

డెబ్బై దాటాక ఎముకలు పలచబడతాయి. ఆడవారిలో ఇది ఇంకా ముందే మొదలవుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవారికి వంగి లేచేసరికి కళ్ళు తిరగవచ్చు. హెర్నియా ఉన్నవారు, గుండెకు గాని కంటికి గాని ఆపరేషను చేయించుకుని డాక్టరు ఇంకా అనుమతి ఇవ్వనివారు, తుంటి ఎముక విరిగి కోలుకున్నవారు అసలు చెయ్యి వేయరాదు. "నేను ఉంటాను, చూస్తాను, లెక్క చెబుతాను" అంటే చాలు. అది చిన్న పని కాదు.

ఎత్తడం ఆఖరి ఉపాయం

బొమ్మను జరపడంలో అసలు సూత్రం ఇదే. ముందు విడదీయగలమేమో చూడాలి. తరువాత దొర్లించగలమా, ఆ తరువాత జార్చగలమా అని చూడాలి. ఏదీ కాకపోతేనే ఎత్తాలి. దుకాణం బొమ్మలకు చాలావాటికి చేతులు, నడుము ఊడివస్తాయి. పీట వేరు, బొమ్మ వేరు అయితే విడివిడిగా తేవచ్చు. చక్రాల బల్ల ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే రెండు మూడు ఇనుప పైపులు పీట కింద వేసి దొర్లించవచ్చు. పలుగుతో అంచు లేపి చెక్క పెట్టడం మనవాళ్ళకు తెలిసిన పనే. నున్నటి గచ్చు మీద ఐతే మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి, దుప్పటి పట్టి లాగవచ్చు. దుప్పటి కొస తల వైపు ఉండాలి, లాగేవారు వెనక్కి నడుస్తూ మధ్య మధ్య ఆగి వెనుక చూసుకోవాలి.

ముందుగా దారి చూడాలి. గుమ్మం వెడల్పు టేపుతో కొలవాలి. మన ఇళ్ళకు గడపలుంటాయి. చక్రాలు ఆగేదీ, కాలు తట్టుకునేదీ అక్కడే, కాబట్టి గడపకు రెండు వైపులా ఏటవాలుగా పలక వేసుకోవాలి. నేల మీది చాపలు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీసేయాలి. టైల్సు తడిగా ఉంటే ఆరేదాకా ఆగాలి. వేళ్ళు మూసి ఉన్న, జారని బూట్లు వేసుకోవాలి గాని హవాయి చెప్పులు పనికిరావు. పంచె, చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడకుండా బిగించుకోవాలి. మధ్యలో ఆగడానికి నడుమెత్తు బల్ల ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. బొమ్మను చివరకు పెట్టవలసిన చోటు ముందే ఖాళీ చేసి ఉండాలి. చేతిలో బరువు పెట్టుకుని "ఎక్కడ పెడదాం?" అని చర్చించుకోవడం మన ఇళ్ళలో అందరం చూసిందే.

ఈ విషయంలో మనకు ఆదర్శం మన పక్కనే ఉంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి, గోపయ్యస్వామి విగ్రహాలు రెండేళ్ళకొకసారి రంగుల ఉత్సవానికి జగ్గయ్యపేట తరలివచ్చి, రంగులు వేయించుకుని తిరిగి వెళ్తాయి. 2022లో మన తాలూకాలు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి గాని ఆ ఆనవాయితీ మారలేదు. అది అప్పటికప్పుడు అనుకుని చేసే పని కాదు. రోజు, దారి, పట్టేవారు ఎవరు, ఆగేది ఎక్కడ అన్నీ ముందుగా తెలిసిన వ్యవహారం. మన ఇంటి బొమ్మకు అంత వైభవం అక్కర్లేదు గాని, ఆ ముందుచూపు కావాలి.

ఇద్దరు పట్టేటప్పుడు

బొమ్మను పడుకోబెట్టి ఇద్దరు మోయవలసి వస్తే, సాధారణంగా ఒకరు భుజాల దగ్గర, ఇంకొకరు చీలమండల దగ్గర పడతారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనిషి ఆకారంలో బరువు సగానికి సగం పంచి ఉండదు. తల, మొండెం, చేతులు కలిసి మూడింట రెండు వంతులు, కాళ్ళు ఒక వంతు. కాబట్టి 60 కేజీల బొమ్మలో భుజాలు పట్టినవారి మీద సుమారు 40 కేజీలు, చీలమండలు పట్టినవారి మీద 20 పడతాయి. రెండోవారు చీలమండలు వదిలి మోకాళ్ళ కింద పట్టుకుంటే చెరి 30 అవుతుంది. ఖర్చు లేని ఉపాయం ఇది. అయినా 30 కూడా ఎక్కువే. నలుగురుంటే భుజాల దగ్గర ఇద్దరు, మోకాళ్ళ దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడటం మేలు.

పట్టుకోవడానికి తాడు వద్దు. సన్నటి మోకు చేతినీ కోస్తుంది, బొమ్మనూ కోస్తుంది. మంచాలకు అల్లే వెడల్పాటి నవారు మంచిది. గట్టిదనం చూసుకుని, రెండు మడతలుగా, చంకల కింద ఒకటి, తొడల కింద ఒకటి చుట్టి ఆ కొసలు పట్టుకోవాలి. మట్టి విగ్రహాన్ని చెయ్యి, తొండం, కిరీటం పట్టి లేపరాదు, పీట పట్టి లేపాలి. సిలికాన్ బొమ్మకు చేతులు, మెడ పట్టుకుంటే లోపలి కీళ్ళు వదులవుతాయి, పైచర్మం చిరుగుతుంది. ఎత్తేముందు దాని కాళ్ళు మడిచి, చేతులు పొట్ట మీదికి చేర్చి నవారుతో కట్టాలి. వేలాడే చెయ్యి గుమ్మానికి తగిలితే మోసేవాడు ఒక్కసారిగా మెలి తిరుగుతాడు. నడుము పట్టేసేది ఆ మెలికలోనే.

ఇక ఎత్తే తీరు. ఇది మన యువకులకు చెప్పి చేయించండి.

అ) పాదాలు ఎడంగా, ఒకటి కాస్త ముందుకు పెట్టాలి.
ఆ) నడుము వంచకుండా మోకాళ్ళు, తుంటి వంచి దిగాలి.
ఇ) బరువును ఒంటికి ఆనించుకున్నాకే లేవాలి.
ఈ) ఊపిరి బిగబట్టరాదు. లేచేటప్పుడు వదలాలి. బిగబడితే బీపీ పెరుగుతుంది, హెర్నియా ఉన్నచోట ఒత్తిడి పడుతుంది.
ఉ) తిరగవలసివస్తే అడుగులు వేసి తిరగాలి, నడుము తిప్పరాదు.
ఊ) లెక్క చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. "ఒకటి, రెండు, మూడు, ఎత్తు" అని అతను అన్నాకే అందరూ ఎత్తాలి. దించేటప్పుడు కూడా అంతే. దించేటప్పుడు వేళ్ళు నలగకుండా కింద రెండు చెక్క ముక్కలు వేసుకోవాలి.

పడేదానిని పడనివ్వండి

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. బొమ్మ చేతుల్లోంచి జారితే పట్టుకోబోకండి. చేతులు వదిలి పక్కకు జరగండి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. దేవుడి విగ్రహం, తండ్రిగారి విగ్రహం, వేలు పోసి కొన్న వస్తువు నేలమీద పడుతుంటే చూస్తూ ఊరుకోవడానికి మనసొప్పదు. కాని ముందే మనసును ఒప్పించుకోవాలి. ఎత్తేముందే ఆ మాట అందరికీ గట్టిగా చెప్పాలి.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఆవిష్కరణకు తెచ్చిన సిమెంటు విగ్రహాన్ని లారీ నుంచి దించుతుండగా జారింది. ఒక అటెండరు చేతులు అడ్డం పెట్టాడు. విగ్రహానికి ముక్కు పోయింది, అతనికి నడుము పోయింది. ముక్కు మూడో రోజుకు అతికించారు. ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. అతను మాత్రం రిటైరయ్యేదాకా కుర్చీలో తిన్నగా కూర్చోలేకపోయాడు.

పెద్ద ఉదాహరణ మనందరికీ గుర్తున్నదే. 1990 మార్చి 10న హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో, వందల టన్నుల బుద్ధ విగ్రహాన్ని బల్లకట్టు మీద తరలిస్తుండగా అది ఒరిగి నీట మునిగింది. దానితోపాటు పనిలో ఉన్నవారూ ప్రాణాలు కోల్పోయారు. విగ్రహం రెండేళ్ళకు పైగా నీటి అడుగున ఉండి కూడా చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. 1992 డిసెంబరు 1న దానిని నిలబెట్టారు. ఈ రోజు వేలమంది చూసి వస్తున్నారు. పోయినవారు తిరిగి రాలేదు. రాయి ఆగగలదు, మనిషి ఆగలేడు.

బొమ్మకు చెప్పిందే మనిషికి

ఇంతవరకు బొమ్మ అన్నాను. నా మనసులో ఉన్నది ఇంకొకటి కూడా ఉంది. మన సభ్యుల ఇళ్ళలో కొన్నిటిలో మంచాన పడినవారున్నారు. వారిని రోజుకు పదిసార్లు లేపేది, తిప్పేది ఇంటి ఇల్లాలు, లేదా కోడలు. ఆమె నడుము గురించి ఏ సమావేశంలోనూ మాట్లాడలేదు. బొమ్మను ఏడాదికి ఒకసారి ఎత్తుతాం. ఆమె రోజూ ఎత్తుతోంది.

ఇక్కడా సూత్రం అదే, ఎత్తడం ఆఖరి ఉపాయం. రోగి భుజాల నుంచి పిరుదుల దాకా కింద ఒక మడత దుప్పటి ఎప్పుడూ పరచి ఉంచితే, ఇద్దరు చెరోవైపు పట్టి పైకి జరపవచ్చు. కూర్చోబెట్టాలంటే తిన్నగా లాగి లేపరాదు. ముందు పక్కకు తిప్పాలి, కాళ్ళు మంచం కిందికి దించాలి, అప్పుడు రోగి తన మోచేతి మీద ఆనుతూ లేస్తారు. కళ్ళు తిరగడం తగ్గేదాకా రెండు నిమిషాలు కూర్చోబెట్టాలి. నిలబెట్టేటప్పుడు చంకల కింద పట్టి లాగితే వారి భుజం కీలు జారవచ్చు. నడుముకు వెడల్పు పట్టీ కట్టి అది పట్టుకోవాలి. వారి చేతులు మన మెడ చుట్టూ వేయించుకోరాదు. బొమ్మకూ మనిషికీ తేడా ఇక్కడే ఉంది. మనిషిని అడగవచ్చు. "మూడు అనగానే మీరూ లేవండి" అని చెప్పవచ్చు. ఎంత కొంచెం సాయం చేయగలిగినా వారిచేత చేయించడం వారికీ మంచిది, మనకూ మంచిది.

ఎవరైనా ఇంట్లో కింద పడితే వెంటనే లేపరాదు. ముందు మాట్లాడించాలి. తుంటి నొప్పి అన్నా, ఒక కాలు పొట్టిగానో బయటికి తిరిగినట్టుగానో కనిపించినా, తలకు దెబ్బ తగిలినా కదపకుండా 108కి ఫోను చేయాలి. దెబ్బలేమీ లేకపోతే పక్కకు తిరగమని, మోకాళ్ళ మీదికి రమ్మని, ఎదురుగా పెట్టిన కుర్చీ పట్టుకుని తామే లేవమని చెప్పాలి.

బరువు ఎత్తిన తరువాత నడుము పట్టేస్తే రోజుల తరబడి మంచం ఎక్కనక్కర్లేదు, మెల్లగా తిరుగుతూ ఉండటమే మంచిదని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. అయితే కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, కూర్చునే భాగం మొద్దుబారినా, మూత్రం గాని విరేచనం గాని అదుపు తప్పినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మరునాటికి వాయిదా వేయరాదు. మన వయసువారికి దగ్గినా, వంగినా కొత్తగా వెన్ను మధ్యలో తీవ్రమైన నొప్పి వస్తే వెన్నుపూస చితికి ఉండవచ్చు, చూపించుకోవాలి.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన పెట్టి ముగిస్తాను. మన సంఘం తరఫున ఒక చక్రాల బల్ల, రెండు వెడల్పు పట్టీలు, గడపకు వేసే ఏటవాలు పలక ఒకటి కొని కార్యాలయంలో ఉంచుదాం. నందిగామలోనూ, జగ్గయ్యపేటలోనూ పిలిస్తే రాగల యువకుల పేర్లు, సభ్యుల మనవళ్ళవే, ఒక కాగితం మీద రాసి గోడకు అంటిద్దాం. ఎవరింటికి విగ్రహం వచ్చినా, ఎవరింట్లో రోగిని జరపవలసి వచ్చినా ఆ వస్తువులు తీసుకుపోవచ్చు. ఇష్యూ రిజిస్టరు రాసే బాధ్యత నాది. ఆ పని నాకు బాగా వచ్చు. తీసుకున్నవారు తిరిగి ఇవ్వకపోతే మెమో కూడా జారీ చేస్తాను.